అవతలివాడి మాట నేర్పితే మన మాట చచ్చిపోతుందా?

పోస్టు పెద్దది. తీరిక ఉన్నప్పుడే చదవండి, కానీ మొత్తం చదవండి. సగం చూసి తిట్టుకోవడం వల్లే ఇదంతా రాయాల్సి వచ్చింది.

మొన్న ఆదివారం అమలాపురంలో మన పిల్లల క్లాసులో తీసిన నలభై సెకన్ల వీడియో ఈ గ్రూపులో పడింది. అందులో వి.ఆర్.పురం మండలం నుంచి వచ్చి ఇక్కడ ఇంటర్ చదువుతున్న మన చెల్లి నిలబడి, "డ్యాం పూర్తయితేనే మాకు దాళ్వా. లేకపోతే మా శివారు పొలాలు ఎండిపోతాయి" అంటోంది. అంతే వీడియో. ఆ రాత్రి పన్నెండు దాకా మెసేజీలే. "ఊరు మునిగే పిల్లతో ముంచేవాడి పాట పాడిస్తారా?" అని ఒక అన్న. "ఎవరి దగ్గర డబ్బులు తీసుకున్నారు?" అని ఇంకో అన్న. "కోనసీమలో ఉండి ఉండి మనోళ్లు కోనసీమోళ్లు అయిపోయారు" అని ఒక తమ్ముడు. ఆ చెల్లి ఫోన్ ఆపేసి రెండు రోజులు కాలేజీకి వెళ్లలేదు.

ఆ క్లాసు పెట్టింది నేనే. రాజోలు వైపు శివారు రైతులా మాట్లాడమని చెప్పింది నేనే. కాబట్టి తిట్లు నాకు పెట్టండి, ఆ పిల్లకి కాదు. నాకు పెట్టినా నేను ఒప్పుకోను. ఎందుకో చెప్తాను.

ముందు ఆ రోజు ఏం జరిగిందో పూర్తిగా చెప్తాను. విషయం పోలవరం. క్లాసులో పద్దెనిమిది మంది. సగం మంది మైదానం వాళ్లు, అంటే మా ఎరుకల పిల్లలు, యానాది పిల్లలు. మిగతా సగం ఏజెన్సీ నుంచి వచ్చి ఇక్కడ హాస్టళ్లలో చదువుకునేవాళ్లు, కోయ, కొండరెడ్డి. అందరికీ పోలవరం మీద నినాదం తెలుసు. "పోలవరం ఎవరికి కావాలి, ఎందుకు కావాలి?" అని అడిగితే ఒక్కరూ నోరు విప్పలేదు. "దోచుకోవడానికి" అన్నాడు ఒకడు. ఎవరు, ఏం దోచుకుంటారు, ఎలా? దానికి జవాబు లేదు.

ఆ చెల్లి ఆరు నిమిషాలు మాట్లాడింది. సఖినేటిపల్లి, మలికిపురం శివారుకి కాలవ నీరు వచ్చేసరికి పైవాళ్ల వంతులు అయిపోతాయని, దాళ్వాకి గోదారిలో నీరు సరిపోక సీలేరు నుంచి వదిలే నీళ్ల కోసం ఎదురుచూస్తారని, 2011 సార్వాలో కోనసీమ రైతులు ఏకంగా పంట విరామం ప్రకటించి పొలాలు బీడు పెట్టారని, పోలవరం వస్తే డెల్టా రెండో పంటకి భరోసా అని వాళ్లకి చెప్పారని. ఇవన్నీ ఆ పిల్ల వారం రోజులు కనుక్కుని వచ్చిన సంగతులు. వాళ్ల రూమ్మేటు తాతగారిని అడిగి తెలుసుకుంది. సీలేరు మాట వచ్చినప్పుడు చింతూరు కుర్రాడు ఒకడు తలెత్తి చూశాడు. సీలేరు మనది కదా, ఏజెన్సీది. ఆ నీళ్లే ఇక్కడికొచ్చి కోనసీమ దాళ్వా పండిస్తున్నాయని వాడికి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత వేరే కుర్రాడు కొండరెడ్డి ఊరి పెద్దగా మాట్లాడాడు. ఇంకో పిల్ల కౌలు రైతుగా మాట్లాడింది. "నీళ్లొస్తే భూమి ఉన్నాయనకి లాభం, నాకు కౌలు పెరుగుతుంది, అంతే" అంది. చివర్లో మొదటి చెల్లి మళ్లీ లేచి తన సొంత మాట చెప్పింది. ఆ మాట వీడియోలో లేదు, కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

"రైతుగా మాట్లాడుతుంటే నాకు ఒకటి తట్టింది. ఆయనకి కావాల్సింది నీళ్లు. మా ఇంటికి పరిహారం లేటు అవ్వాలని ఆయనకి అవసరం లేదు. మమ్మల్ని ఇళ్లు కట్టని కాలనీకి తోలాలని ఆయనకి అవసరం లేదు. ఆ అవసరం ఇంకెవరికో ఉంది. మేము ఇన్నాళ్లూ ఆయన్ని తిడుతున్నాం."

నేను ఇరవై రెండేళ్ల వయసులో ర్యాలీల్లో తిరిగినవాణ్ణి. పోలవరం మీద ఇంత పదునైన మాట ఏ మైకులోనూ వినలేదు. లక్షకు పైగా కుటుంబాల్ని కదిలించే ప్రాజెక్టు అది. అందులో మనవాళ్ల వాటా ఎంత పెద్దదో మీకు చెప్పక్కర్లేదు. నీళ్లు కావాలన్నవాడికి, నిర్వాసితుడికి మధ్య గొడవ పెట్టి, పునరావాసం ఎగ్గొట్టినవాడు పక్కన నిలబడి చూస్తున్నాడని పదహారేళ్ల పిల్ల పట్టుకుంది. ఎలా పట్టుకుంది? అవతలి ఒడ్డుకి వెళ్లి అక్కడి నుంచి ఒకసారి చూసింది కాబట్టి. నలభై సెకన్ల వీడియో పెట్టినవాళ్లు ఆ పిల్ల నోట్లోంచి అదే మాటని తీసేశారు.

2022 జూలై గుర్తుందా? భద్రాచలం దగ్గర గోదారి 71.3 అడుగులు. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. వి.ఆర్.పురం, కూనవరం జనం టార్పాలిన్లు పట్టుకుని గుట్టలెక్కారు. అదే నీరు దిగి వచ్చి ఇక్కడ కోనసీమ లంకల్ని ముంచింది, జనం పడవల మీద బయటపడ్డారు. పైన మునిగినవాడూ గోదారినే తిట్టాడు, కింద మునిగినవాడూ గోదారినే తిట్టాడు. ఈ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడం నేను ఎక్కడా చూడలేదు. మన క్లాసులో పిల్లలు ఆ పని చేస్తే మనకి కోపం వచ్చింది.

ఇప్పుడు అమలాపురం సంగతి. ఈ ఊళ్లో ఉండి ఈ విషయం మాట్లాడుతూ 2022 మే 24 గురించి చెప్పకపోతే అది దొంగతనం అవుతుంది.

ఆ ఏడాది ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా వచ్చింది. మే 18న జిల్లాకి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ అని పేరు పెడతామని ప్రభుత్వం ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చింది. అభ్యంతరాలుంటే 30 రోజుల్లో చెప్పండి అంది. వారం తిరక్కుండానే మే 24న ఊరు అంటుకుంది. మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు కాలాయి, బస్సులు కాలాయి, ఎస్పీతో సహా పోలీసులకి దెబ్బలు తగిలాయి. తర్వాత చాలా రోజులు జిల్లాలో నెట్ లేదు. వందల మంది మీద కేసులు పడ్డాయి. అందులో చాలామంది మన వయసు కుర్రాళ్లే. డిగ్రీ చదివేవాళ్లు, పోటీ పరీక్షలకి కోచింగులు తీసుకునేవాళ్లు. వాట్సాప్‌లో వచ్చిన పిలుపు చూసి రోడ్డెక్కినవాళ్లు. కేసు పడితే ఉద్యోగం పోతుందని కూడా ఆలోచించలేదు.

నేను ఆ పేరుకి అప్పుడూ అనుకూలమే, ఇప్పుడూ అనుకూలమే. ఆగస్టులో గెజిట్ వచ్చిన రోజు స్వీట్లు పంచినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇది ముందే చెప్తున్నాను, మళ్లీ "రెండు వైపులా వాయిస్తున్నాడు" అనకండి.

కానీ నన్ను తొలిచే ప్రశ్న ఒకటుంది. అభ్యంతరం రాయడానికి 30 రోజులు టైము ఇచ్చారు కదా. ఆ గుంపులో ఉన్న ఒక్క కుర్రాడిని ఆపి, కాగితం ఇచ్చి, "నీ అభ్యంతరం ఏంటో ఒక పేజీ రాయి" అంటే ఏం రాసేవాడు? ఈ ప్రశ్న మన క్లాసులో వేశాను. వాళ్ల తరఫున ఆ ఒక్క పేజీ మీరు రాయండి, వాళ్లు చదివి ఔను ఇదే మా మాట అనేలా రాయండి అన్నాను. పిల్లలు గింజుకున్నారు. చివరికి రాశారు: కోనసీమ అంటే మా నేల పేరు, మా కొబ్బరి పేరు, ఆ పేరు పోతే మా గుర్తింపు పోతుంది అని. బాగానే రాశారు. అప్పుడు ఒక యానాది పిల్ల, ఆరో తరగతి, అడిగింది: "కానీ అన్నయ్యా, కొత్త పేరులో కోనసీమ ఉంది కదా?"

ఉంది. డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ. కోనసీమ ఎక్కడికీ పోలేదు. మరి కాగితం మీద రాసిన కారణానికి జవాబు దొరికేసింది కదా, ఇళ్లు తగలబెట్టే కోపం ఎక్కడి నుంచి వచ్చింది? కాగితం మీద రాయలేని కారణం ఇంకేదో ఉండాలి. ఆ పేరు తమ ఆధార్ కార్డు మీద, తమ బస్సు బోర్డు మీద ఉండటం సహించలేని కారణం. అది ఎవరూ సంతకం పెట్టి రాయరు.

చూశారా? అవతలివాడి వాదన న్యాయంగా, పూర్తిగా, వాడికంటే బాగా రాస్తేనే అందులో ఎంత వాదన, ఎంత కులం అనేది విడిపోయి కనబడింది. ఆ పని చేయకుండా మనం "కులగజ్జిగాళ్లు" అని ఒక్క మాటలో తేల్చేస్తే, నిజంగా పేరు పోతుందేమోనని భయపడిన అమాయకుడు కూడా వెళ్లి కులగజ్జి ఉన్నవాడి పక్కనే నిలబడతాడు. నిలబడ్డాడు కూడా.

"అవతలివాడు మన గురించి ఇలా ఆలోచిస్తాడా? మరి మనమే ఎందుకు?" అని అడిగారు. సరైన ప్రశ్నే. దీనికి నా జవాబు కొంచెం చేదుగా ఉంటుంది.

నేను కొత్తపేట వైపు ఎరుకల ఇంట్లో పుట్టాను. బుట్టలల్లుకుని, పందులు పెంచుకుని, ఎరుక చెప్పుకుని బతికిన మా జాతి మొత్తాన్ని ఇంగ్లీషు సర్కారు నేరస్థ జాతుల చట్టం కింద రాసేసింది. ఆ చట్టం 1871లో వచ్చింది, 1911 తర్వాత మద్రాసు రాజధానికీ విస్తరించింది. పుట్టిన పిల్లాడు ఏ తప్పూ చేయకముందే దొంగ. రాత్రి హాజరు పలకాలి. ఊరు దాటాలంటే పాసు కావాలి. 1913లో బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంటు అలా పుట్టిందే. 1952 దాకా ఆ చట్టం బతికింది. చట్టం పోయినా, ఊళ్లో దొంగతనం జరిగితే ముందు ఎవరి గుమ్మం ముందు జీపు ఆగుతుందో మా పెద్దల్ని అడగండి. ఆ చట్టం అసలు రూపం ఏంటి? ఒక వైపు మాత్రమే విని తీర్పు చెప్పడం. ఎరుకలవాడు ఏమంటాడో ఎవరూ అడగలేదు. ఒకవైపు తీర్పు వల్ల ఇంత నలిగినవాళ్లం, మన పిల్లలకి కూడా ఒకవైపు వినడమే నేర్పితే, మనం ఆ దొర దగ్గర నేర్చుకున్నది అదొక్కటే అని లెక్క.

ఇది మంచితనం గురించి చెప్తున్న మాట అనుకోకండి. గెలవడం గురించి చెప్తున్నాను.

జీవో 3 తీసుకోండి. ఏజెన్సీ స్కూళ్లలో టీచరు పోస్టులు నూటికి నూరు స్థానిక గిరిజనులకే అన్న జీవో, 2000 జనవరిది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కొట్టేసింది. అప్పటి నుంచి మనం ధర్నాలు చేస్తున్నాం, బందులు చేస్తున్నాం. చేయాలి, నేను కాదనను. ఈ గ్రూపులో వందల మంది ఉన్నాం. జీవోని ఎందుకు కొట్టేశారో, అవతలి పక్షం ఏం వాదించిందో ఐదు వాక్యాల్లో చెప్పగలవాళ్లు చేతులెత్తండి. నూరు శాతం అంటే మిగతావాళ్లకి తలుపు మొత్తం మూసేయడమే, సమానత్వానికి విరుద్ధం అన్నారు. ఏజెన్సీలోనే ఉన్న మిగతావాళ్ల సంగతేంటి అన్నారు. ఐదో షెడ్యూలు కింద గవర్నరుకి ఉన్న అధికారం ఇంత దూరం వస్తుందా అన్నారు. ఈ మూడింటికీ జవాబులున్నాయి, గట్టి జవాబులే ఉన్నాయి. అడవిలో బడికి రాని మైదానం టీచరు సంగతి, కోయ భాష రాని టీచరు ముందు ఒకటో తరగతి పిల్లాడి సంగతి, ఇవన్నీ జవాబులే. కానీ ప్రశ్న తెలియనివాడికి జవాబు ఎలా వస్తుంది? "మా ఉద్యోగాలు మాకే" అన్న నినాదం బయట రోడ్డు మీద సరిపోతుంది, కోర్టు గుమ్మం దాటాక సరిపోదు.

దీనికి ఎదురు ఉదాహరణ సమత కేసు, 1997. ఏజెన్సీ భూమిని గిరిజనేతర 'వ్యక్తి'కి బదలాయించకూడదని 1/70 చట్టం చెబుతుంది. ప్రభుత్వం వాదన ఏంటంటే వ్యక్తి అంటే మనిషి, ప్రభుత్వం మనిషి కాదు కాబట్టి మా భూమి మేము గనుల కంపెనీకి లీజుకి ఇచ్చుకోవచ్చు అని. పైకి చూస్తే చాలా తెలివైన వాదన. మనవైపువాళ్లు "అన్యాయం, అన్యాయం" అని ఊరుకోలేదు. ఆ ఒక్క మాటని పట్టుకుని, ఆ వాదన లోపలికెళ్లి తిప్పికొట్టారు. వ్యక్తి అంటే ప్రభుత్వం కూడా అని కోర్టు ఒప్పుకుంది. ఈ రోజు మన్యంలో ఎన్ని కొండలు ఇంకా కొండలుగా ఉన్నాయంటే ఆ తీర్పు ఒక కారణం. అవతలివాడి వాదన నేర్చుకోవడం లొంగిపోవడమైతే సమత కేసు లొంగుబాటే అవ్వాలి మరి.

మన బడుల్లో ఇది నేర్పడం లేదా అంటే, నేర్పుతున్నట్టు నటిస్తున్నారు. ఆగస్టు 15కి వక్తృత్వ పోటీ పెడతారు. 'సెల్‌ఫోన్ వరమా, శాపమా'. ఒకడికి వరం, ఒకడికి శాపం. సారు రాసిచ్చింది బట్టీ పట్టి చెప్పి, స్టీలు గిన్నె తెచ్చుకుని ఇంటికెళ్లిపోతారు. ఇక నీతి కథల్లో ఏనుగు, ఆరుగురు గుడ్డివాళ్లు. అందరూ కొంత కరెక్టే అని చెప్పి పుస్తకం మూసేస్తారు. నాకు ఆ కథ చిన్నప్పటి నుంచీ నచ్చదు. కథ చెప్పేవాడికి మాత్రం ఏనుగు మొత్తం ఎలా కనబడింది? పైగా అందరూ కొంత కరెక్టే అంటే ఇళ్లు తగలబెట్టినవాడూ కొంత కరెక్టే అవుతాడు. నేను చెప్పేది అది కాదు. అందరి మాటా విన్నాక నువ్వు ఒకటి తేల్చాలి, తేల్చినదానికి కారణం చెప్పాలి, తప్పని తేలితే మార్చుకోవాలి. మా క్లాసులో అవతలి పక్షం మాట్లాడటంతో అయిపోదు. అవతలివాడు విని ఔనండీ, నేను అనేది అదే అని తలూపేలా చెప్పాలి. వెళ్లి కనుక్కున్న సంగతి ఒక్కటైనా ఉండాలి. ఆ గదిలో లేనివాడు ఎవడో, వాడి మాట ఎవరు చెప్పాలో వెతకాలి. పోలవరం రోజున మాకు చివర్లో గుర్తొచ్చింది, ఒడిశా మల్కన్‌గిరి, ఛత్తీస్‌గఢ్ సుక్మా ఊళ్ల గురించి ఎవరూ మాట్లాడలేదని. అక్కడా ఉన్నది మన కోయవాళ్లే.

"అంబేద్కర్ ఇలా చేశాడా?" అని ఒక తమ్ముడు వెటకారంగా అడిగాడు. చేశాడు తమ్ముడూ. కులనిర్మూలన పుస్తకం 1936లో వచ్చింది. దాన్ని విమర్శిస్తూ గాంధీ తన హరిజన్ పత్రికలో రాశారు. 1937లో రెండో ముద్రణ వేసినప్పుడు బాబాసాహెబ్ ఏం చేశాడంటే గాంధీ విమర్శని కూడా అదే పుస్తకంలో అచ్చు వేయించి, దాని పక్కన తన జవాబు పెట్టాడు. తనని తిట్టినవాడి మాటని నలభై సెకన్లకి కోసి వేయలేదు, మొత్తం వేశాడు. చదివేవాడే తేల్చుకుంటాడని ఆయనకి నమ్మకం. ఆయన పేరున్న జిల్లాలో కూర్చుని మనం ఒక పిల్ల మాటని కోసి పంచుకున్నాం.

ఇంకో మాట, ఇది మనకే కష్టమైనది. 1945లో మత సమస్య మీద చేసిన ప్రసంగంలో బాబాసాహెబ్ ఆదివాసుల గురించి, వాళ్లకి రాజకీయ అవకాశాల్ని వాడుకునే చైతన్యం ఇంకా రాలేదు అనే అర్థంలో మాట్లాడాడు. మన గ్రూపులో ఎంతమందికి తెలుసు? తెలిసినవాళ్లు కొందరు దాన్ని దాస్తారు, కొందరు దాన్ని పట్టుకుని అంబేద్కర్ మనవాడు కాదంటారు. మన పిల్లాడు ఆ మాటా చదవాలి. అప్పట్లోనే రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా లేచి, మాకు మీరు ప్రజాస్వామ్యం నేర్పక్కర్లేదు అన్న ధాటిలో మాట్లాడిన సంగతీ చదవాలి. అదే అంబేద్కర్ డ్రాఫ్టింగ్ కమిటీ ఛైర్మన్‌గా ఉన్న రాజ్యాంగంలో ఐదో షెడ్యూలు ఉందన్న సంగతీ చదవాలి. ఈ మూడూ ఒకేసారి బుర్రలో పెట్టుకుని కూడా జై భీమ్ అనగలిగినవాడి జై భీమ్‌ని ఎవరూ కదల్చలేరు. దాచిపెట్టి పెంచినవాడిని ఎవడో ఒకడు ఆ 1945 మాట ఒక్కటి చూపించి గంటలో తిప్పేస్తాడు.

ఇక మన ఇంటి లోపలి సంగతి. బోయ, వాల్మీకుల్ని ఎస్టీల్లో చేర్చాలని 2023 మార్చిలో అసెంబ్లీ తీర్మానం చేసింది. మనం వ్యతిరేకించాం, నేనూ వ్యతిరేకిస్తాను. కానీ సీమలో ఆ కుర్రాడు ఎందుకు అడుగుతున్నాడో ఎప్పుడైనా విన్నామా? విని ఉంటే "మా వాటా మీకెందుకు" అనే దగ్గర ఆగకుండా, వాటా పెంచకుండా జనాన్ని పెంచే ప్రభుత్వం ఎవరితో ఎవరికి తగువు పెడుతోందో అడిగేవాళ్లం.

అంత దూరం వద్దులెండి, ఈ గ్రూపులోనే ఏజెన్సీ వాళ్లకి, మైదానం వాళ్లకి మధ్య ఉన్నది ఏంటి? ఏజెన్సీ తమ్ముళ్లు అంటారు: మైదానం ఎస్టీలు టౌన్లలో చదువుకుని ఉద్యోగాలన్నీ పట్టుకుపోతున్నారు. మావాళ్లంటారు: మీకు ఐటీడీఏ ఉంది, 1/70 ఉంది, ఐదో షెడ్యూలు ఉంది, కాలవ గట్టు మీద గుడిసె వేసుకున్న యానాదికి ఏముంది? నేనూ చాలా ఏళ్లు ఈ రెండో మాటే అన్నాను. హాస్టల్లో నా గదిలో మారేడుమిల్లి వైపు అబ్బాయి ఉండేవాడు. వాళ్ల అమ్మని కాన్పుకి డోలీలో ఎన్ని గంటలు మోసుకొచ్చారో ఒక రాత్రి చెప్పాడు. ఆ తర్వాత "మీకు ఐటీడీఏ ఉంది" అన్న మాట నా నోటికి అంత తేలిగ్గా రాలేదు. నేనేమీ నా వాదన వదిలేయలేదు, మైదానం గిరిజనుడికి భూమి రక్షణ లేదన్న మాట నేటికీ అంటాను. కాకపోతే ఇప్పుడు దాన్ని వాడి మీద కాకుండా, వినాల్సినవాడి మీదకి విసురుతున్నాను.

ఇన్ని చెప్పాక ఒక తప్పు ఒప్పుకోవాలి. ఆ గొడవలో అందరూ తిడుతుంటే ఒక అక్క మాత్రం విడిగా ఫోన్ చేసింది. ఆవిడ ఆశ్రమ పాఠశాలలో టీచరు. "తమ్ముడూ, నువ్వు చేసిన పని మంచిదే. కానీ ఇల్లు మునకలో ఉన్న పిల్లనే లేపి, ఆ ఇల్లు మునగడం వల్ల బాగుపడేవాడిలా మాట్లాడమన్నావే, ముందు దాన్ని అడిగావా?" అంది.

అడగలేదు. చీటీల్లో పేరు వచ్చింది, లేపాను. ఆ పిల్ల ధైర్యంగా మాట్లాడింది కాబట్టి నాకు అది కనబడలేదు. ఇంకో పిల్ల అయితే ఏడ్చేదేమో. మానని గాయం ఉన్నవాళ్లని దాని మీదే నిలబడి అవతలి పక్షం మాట్లాడమనడం చదువు కాదు. నీళ్లు కావాలనే రైతు మాట ముందు మైదానం పిల్లల్లో ఒకరు చెప్పాలి. ఆ చెల్లికి చెప్పాలనిపిస్తే తర్వాత తనే చెప్తుంది. ఇక నుంచి చీటీలు లేవు, ఎవరికి ఏ పక్షం కావాలో వాళ్లే తీసుకుంటారు. వద్దనుకుంటే వినడానికి కూర్చుంటారు. ఆ అక్క మాట పట్టుకునే ఈ మార్పు చేశాను. గ్రూపులో పడిన తిట్లన్నిట్లో ఇలా పట్టుకోవడానికి ఒక్కటీ దొరకలేదు.

చెల్లికి సారీ చెప్పాను. "అన్నయ్యా, మాట్లాడినందుకు బాధ లేదు, కోసి పెట్టినందుకే బాధ" అంది. నిన్నటి నుంచి కాలేజీకి వెళ్తోంది.

వచ్చే ఆదివారం విషయం జీవో 3. ఉదయం పది గంటలకి, అదే చోట. వీడియో పెట్టిన అన్న పేరు నేను ఇక్కడ రాయను, కానీ ఆయనకి మనస్ఫూర్తిగా పిలుపు. అన్నా, నువ్వు రా. జీవోకి ముందు ఐదు నిమిషాలు మన క్లాసు సంగతి మాట్లాడుకుందాం. ఇలాంటి క్లాసు మన పిల్లలకి వద్దు అని నీ తరఫున నేను మాట్లాడతాను, నువ్వు ఔను ఇదే నా మాట అనేదాకా మాట్లాడతాను. తర్వాత నా తరఫున నువ్వు మాట్లాడు. పిల్లలు వింటారు. టీ, బిస్కెట్లు నా ఖర్చు. వీడియో తీసుకోండి, ఎవరూ ఆపరు. తీస్తే మొత్తం తీయండి.